టైటానిక్‌లో పడవలు చట్టం అడిగినదానికన్నా ఎక్కువే ఉన్నాయి

టైటానిక్ అనగానే ముందు మంచుకొండ, ఆ వెంటనే ప్రాణాలు కాపాడే పడవలు (లైఫ్‌బోట్లు) చాలలేదన్న మాట గుర్తొస్తాయి. రెండూ నిజాలే. అయితే రెండో మాటకు మనం అలవాటుగా ఒక కారణం అతికించేస్తాం: కంపెనీవాళ్లు డబ్బుకు కక్కుర్తిపడి చట్టాన్ని తుంగలో తొక్కారని. 1912 నాటి బ్రిటిష్ నిబంధనలు చూస్తే ఆ కారణం నిలబడదు. వాటి లెక్కలో టైటానిక్‌కు 962 మందికి చాలే పడవలుంటే సరిపోతుంది. ఓడ మీద ఉన్నవి 1,178 మందికి చాలే పడవలు. చట్టం అడిగినదానికన్నా 216 మందికి ఎక్కువ.

ఆ రాత్రి ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. నిండా ఎక్కించుకుంటే 3,547 మందిని తీసుకెళ్లడానికి దానికి అనుమతి ఉంది. ప్రతి సీటూ నిండిన ప్రయాణంలో, ఒక్క పొరపాటూ జరగకుండా ప్రతి పడవా నిండుగా దిగినా సరే, ముగ్గురిలో ఇద్దరికి చోటు లేదు. అంతా సక్రమంగానే ఉందని ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు సంతకాలు పెట్టారు.

ఇదెలా సాధ్యమైంది? ఓడ మునిగాక ఏం మారింది, ఏం మారలేదు? ఈ విషయమై ఎంత చదివినా నాకు కనిపించేది ఒకటే. ఆనాటి చట్టాలు ఓడను కొలిచాయి, ఓడలోని మనుషుల్ని లెక్కపెట్టలేదు. పడవల దగ్గరా అంతే, చనిపోయిన కార్మికుల జీతాల దగ్గరా అంతే, చివరికి నష్టపరిహారం దగ్గరా అంతే.

పట్టికలో చివరి గడి

బ్రిటన్‌లో ఓడల భద్రత చూసేది బోర్డ్ ఆఫ్ ట్రేడ్. ఏ ఓడలో ఎన్ని పడవలుండాలో 1894లో ఆ శాఖ ఒక పట్టిక తయారుచేసింది. అందులో ప్రయాణికుల సంఖ్య ఆధారం కాదు, ఓడ టన్నేజీ, అంటే దాని పరిమాణం, ఆధారం. టన్నేజీ పెరిగేకొద్దీ పడవలు పెరుగుతాయి. పట్టికలో చివరి గడి ‘10,000 టన్నులు, ఆ పైన’. ఆ గడిలోకి వచ్చే ఓడకు కనీసం 16 పడవలు, వాటి మొత్తం పరిమాణం 5,500 ఘనపు అడుగులు. అది అందరికీ చాలకపోతే దానిలో ముప్పావు వంతు పరిమాణం అదనంగా కలపాలి. కలిపితే 9,625 ఘనపు అడుగులు. మనిషికి పది ఘనపు అడుగుల చొప్పున లెక్కేస్తే 962 మంది. పైన చెప్పిన సంఖ్య ఇలా వచ్చింది.

1894లో సముద్రం మీద తిరుగుతున్న పెద్ద ప్రయాణికుల ఓడ లుకానియా. దాని టన్నేజీ 13,000 లోపే. ఆ పట్టిక తయారుచేసినవాళ్లకు అంతకన్నా పెద్దది ఊహించాల్సిన అవసరం కనిపించలేదు. 1912 నాటికి టైటానిక్ 46,328 టన్నులు. ఓడలు మూడున్నర రెట్లు పెరిగినా పట్టిక చివరి గడి అలాగే ఉండిపోయింది.

అధికారులు నిద్రపోయారా అంటే, అదీ కాదు. పదిహేనేళ్లకు పైగా ఆ శాఖకు సముద్ర వ్యవహారాల సలహాదారుగా ఉన్న సర్ ఆల్ఫ్రెడ్ చామర్స్, ఓడ మునిగాక జరిగిన విచారణలో తన వాదన విడమరిచి చెప్పాడు. అట్లాంటిక్ ప్రయాణాల్లో అప్పటిదాకా పోయిన ప్రాణాలు చాలా తక్కువ. కొత్త ఓడలకు నీరు చొరని గదులున్నాయి. వైర్‌లెస్ వచ్చింది. ఓడలన్నీ నిర్ణీత దారుల్లోనే నడుస్తాయి కాబట్టి ప్రమాదం జరిగితే ఏదో ఒక ఓడ దగ్గర్లోనే ఉంటుంది. ఇక పడవలు ఎక్కువ పెడితే వాటిని నడిపేందుకే మనుషుల్ని పెంచుకోవాలి.

ఈ వాదన వెనక ఒక తాజా అనుభవం కూడా ఉంది. 1909 జనవరిలో అమెరికాలోని నాన్‌టకెట్ తీరానికి దూరంగా, పొగమంచులో, టైటానిక్‌ను నడిపిన వైట్ స్టార్ కంపెనీకే చెందిన రిపబ్లిక్ అనే ఓడను ఫ్లోరిడా అనే ఓడ గుద్దింది. వైర్‌లెస్ ఆపరేటర్ జాక్ బిన్స్ సందేశాలు పంపాడు. ప్రయాణికుల్ని పడవల్లో ముందు ఫ్లోరిడాలోకి, ఆ తర్వాత సాయానికొచ్చిన బాల్టిక్‌లోకి చేర్చారు. రిపబ్లిక్ మర్నాడు గానీ మునగలేదు. గుద్దుకున్నప్పుడు పోయినవాళ్లు తప్ప అందరూ బతికారు. పడవలున్నది జనమంతా ఒకేసారి ఎక్కి కూర్చోవడానికి కాదని, ఓడ నుంచి ఓడకు మనుషుల్ని విడతలు విడతలుగా దాటించడానికేనని నమ్మేవాళ్లకు ఇంతకన్నా గట్టి రుజువేం కావాలి? ఆ నమ్మకం మూర్ఖత్వం కాదు. కానీ అది నిజం కావాలంటే మూడు షరతులు తీరాలి: మునిగే ఓడ నెమ్మదిగా మునగాలి, సముద్రం ప్రశాంతంగా ఉండాలి, ఇంకో ఓడ చెంతనే ఉండాలి. టైటానిక్ మునిగిన రాత్రి వాటిలో రెండో షరతు ఒక్కటే తీరింది.

ఓడ నమూనా దశలో ఎక్కువ పడవల మాట వచ్చింది కూడా. హార్లండ్ అండ్ వుల్ఫ్ ఓడల కర్మాగారంలో డిజైన్ పనులు చూసిన అలెగ్జాండర్ కార్లైల్, ఒక్కో జత డేవిట్లతో నాలుగేసి పడవలు దించగలిగేలా ప్లాన్లు గీయించాడు. డేవిట్లంటే పడవను ఓడ అంచు దాటించి తాళ్లతో కిందికి దించే ఉక్కు చేతులు. పదహారు జతలకు 64 పడవలు. చట్టం అడగలేదు కాబట్టి 16 పడవలే పెట్టారు, వాటికి తోడు గుడ్డ అంచులతో మడతపెట్టే పడవలు నాలుగు. ఆ డేవిట్లు మాత్రం ఓడ మీద అలాగే బిగించి ఉన్నాయి.

రెండు గంటల నలభై నిమిషాలు

1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను రాసుకుంటూ పోయింది. అప్పుడు దాని వేగం సుమారు 22 నాట్లు, అంటే గంటకు దాదాపు 41 కిలోమీటర్లు. పక్క భాగమంతా నిలువునా చీలిపోయిందని చాలాకాలం అనుకునేవారు. ఓడ నిర్మాణంలో పనిచేసిన ఇంజినీరు ఎడ్వర్డ్ వైల్డింగ్ మాత్రం నీరు లోపలికొచ్చిన వేగాన్ని బట్టి లెక్కగట్టి, రంధ్రాలన్నీ కలిపినా 12 చదరపు అడుగులకు మించవని 1912 విచారణలోనే చెప్పాడు. చిక్కేమిటంటే ఆ సన్నని చీలికలు వరసగా కనీసం అయిదు గదుల్ని తెరిచాయి. ముందు వైపు నాలుగు గదులు నిండినా ఓడ తేలుతుంది, అయిదు నిండితే తేలదు. గదుల మధ్య గోడలు పైదాకా లేవు కాబట్టి, ముక్కు కిందికి దిగేకొద్దీ ఒక గదిలో నీరు గోడ దాటి పక్క గదిలోకి పొర్లుతూ పోయింది. తెల్లవారుజామున 2:20కి ఓడ మునిగింది.

చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు. పడవల్లో 1,178 సీట్లు. బతికింది 700 మందికి కాస్త పైన. ఉన్న సీట్లలోనే 450కి పైగా ఖాళీగా పోయాయన్నమాట. మొదట దిగిన ఏడో నంబరు పడవలో 65 మందికి చోటుంటే ఎక్కింది 28 మందే. ఒకటో నంబరు పడవలో 40 మందికి చోటుంటే 12 మంది దిగిపోయారు.

జనం రాక కొన్ని ఖాళీగా వెళ్లాయి. దీపాలు వెలుగుతున్న పెద్ద ఓడను వదిలి, అరవై అడుగుల కింద చీకట్లో ఊగుతున్న చెక్క పడవలోకి దిగమంటే మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. డెక్ మీద అధికారులకు ఇంకో భయం: నిండు పడవ బరువుకు డేవిట్లు వంగిపోతాయేమోనని. ఓడ కట్టిన బెల్‌ఫాస్ట్‌లో అలాంటి పడవను 65 మంది బరువు పెట్టి పరీక్షించారు, తట్టుకుంది. ఆ సంగతి దించేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. సౌతాంప్టన్‌లో బయల్దేరే రోజు ఇన్‌స్పెక్టర్ ముందు రెండే పడవలు దించి చూపించారు. ప్రయాణికులకు ఏ పడవ దగ్గరికి పోవాలో తెలియదు. ఎడమ వైపు ఉన్న అధికారి లైటోలర్ ‘ఆడవాళ్లు, పిల్లలు మాత్రమే’ అని పట్టుబట్టాడు, సీట్లు ఖాళీగా ఉన్నా మగవాళ్లను ఎక్కనివ్వలేదు. కుడి వైపున్న మర్డాక్ ‘ముందు ఆడవాళ్లు, పిల్లలు’ అనుకున్నాడు, ఆడవాళ్లు దగ్గర్లో లేకపోతే మగవాళ్లను ఎక్కించాడు. ఒక మగవాడి చావుబతుకులు అతను డెక్‌కు ఏ వైపు నిలబడ్డాడన్నదాని మీద ఆధారపడ్డాయి.

ఆ ఓడలో మన గుంటూరు నుంచి బయల్దేరిన కుటుంబం ఒకటుంది. గుంటూరు లూథరన్ మిషన్‌లో పనిచేసే ఆలెన్ బెకర్ భార్య నెల్లీ, వాళ్ల ముగ్గురు పిల్లలు. రెండేళ్లు నిండని రిచర్డ్‌కు జబ్బు చేస్తే వైద్యం కోసం పిల్లల్ని తీసుకుని ఆమె అమెరికా బయల్దేరింది. తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. పెద్దమ్మాయి రూత్ మన దేశంలోనే పుట్టింది, అప్పటికి పన్నెండేళ్లు. రెండో తరగతి టికెట్లు. డెక్ మీద చలికి తట్టుకోలేక తల్లి రూత్‌ను కేబిన్‌కు వెళ్లి దుప్పట్లు తెమ్మంది. తెచ్చాక పదకొండో నంబరు పడవలో ఇద్దరు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, ఇక నిండిపోయిందని ఆపేశారు. పిల్లల్ని ఒంటరిగా పంపలేనని బతిమాలి తల్లి ఎక్కింది. రూత్ డెక్ మీదే మిగిలింది. ఇంకో పడవ ఎక్కమని తల్లి కేకవేసింది. ఆ అమ్మాయి పక్కనున్న పదమూడో నంబరు దగ్గరికెళ్లి, నేను ఎక్కొచ్చా అని అధికారిని అడిగింది. అతను ఎత్తి లోపల కూర్చోబెట్టాడు.

పదమూడు కిందికి దిగుతుంటే ఓడ పక్క నుంచి ఇంజన్ల నీరు ధారగా బయటికి కొడుతోంది. ఆ ధార పడవను వెనక్కి, సరిగ్గా పదిహేనో నంబరు పడవ దిగుతున్న చోటికి నెట్టింది. పై పడవ అడుగు భాగం తలల మీదికి వచ్చేస్తోంది. కింద నుంచి ఎంత అరిచినా పైవాళ్లకు వినపడలేదు. తాళ్లు ముడి విప్పే వ్యవధి లేక కత్తితో కోసుకుని పక్కకు తప్పుకున్నారు. ఆ పడవలో బాయిలర్ల దగ్గర పనిచేస్తూ ఉన్నపాటున పైకొచ్చేసిన స్టోకర్లు చేతుల్లేని చొక్కాలతో వణుకుతుంటే, రూత్ తను తెచ్చిన దుప్పట్లు వాళ్లకు పంచింది. తల్లీబిడ్డలు మళ్లీ కలుసుకున్నది తెల్లవారుజామున సాయానికొచ్చిన కార్పాథియా ఓడ మీద. తర్వాత ఆమె టీచరుగా పనిచేసి, 1990లో తొంభయ్యేళ్ల వయసులో చనిపోయింది. ఆమె కోరిక మీద 1994లో చితాభస్మాన్ని ఓడ మునిగిన చోట కలిపారు. రూత్ ఎక్కిన పడవలో అరవై మందికి పైగా ఉన్నారు, తల్లి ఎక్కినదాంట్లో డెబ్బై మంది దాకా. అదే ఓడకు అదే వైపు నుంచి పన్నెండు మందితో దిగిపోయిన పడవ గురించి చదివినప్పుడల్లా నాకు ఈ పిల్లే గుర్తొస్తుంది.

తరగతుల లెక్క కూడా చూడాలి. బ్రిటిష్ విచారణ నివేదిక ప్రకారం మొదటి తరగతిలో 62 శాతం, రెండో తరగతిలో 41 శాతం, మూడో తరగతిలో 25 శాతం, సిబ్బందిలో 24 శాతం బతికారు. మొదటి, రెండో తరగతుల పిల్లల్లో ఒక్కరు తప్ప అందరూ బయటపడ్డారు. మూడో తరగతిలో 79 మంది పిల్లలుంటే 52 మంది పోయారు. అమెరికా వలస నిబంధనల కోసం మూడో తరగతిని మిగతా ఓడ నుంచి వేరుచేసి ఉంచారు. పడవలు పై డెక్ మీద, మొదటి, రెండో తరగతులవాళ్లు తిరిగే చోట ఉన్నాయి. మూడో తరగతివాళ్లకు దారి చూపించాల్సిన ఏర్పాటు ముందుగా ఎవరూ చేయలేదు. వాళ్లను కావాలని ఆపలేదని విచారణ తేల్చింది. కావాలని ఆపకపోయినా ఫలితం అలా వచ్చిందంటే, నా దృష్టిలో అది ఓడ కట్టిన తీరుకే సంబంధించిన తప్పు.

వినిపించని సందేశం

దగ్గర్లో ఓడ ఉంటుందన్న నమ్మకం ఏమైంది? ఉంది. కాలిఫోర్నియన్ అనే సరుకుల ఓడ మంచు అడ్డం రావడంతో ఆ రాత్రి ఆగిపోయి ఉంది. దాని వైర్‌లెస్ ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్, మేం మంచులో ఆగిపోయామని టైటానిక్‌కు చెప్పబోయాడు. టైటానిక్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్, నేను పనిలో ఉన్నా, నోరుమూసుకో అని తిరిగి సందేశం కొట్టాడు. ఇద్దరూ ఓడల్లో వైర్‌లెస్ నడిపే మార్కోనీ కంపెనీ ఉద్యోగులు. ప్రయాణికుల సొంత సందేశాలకు డబ్బులొస్తాయి, ఆ రోజు ఫిలిప్స్ ముందు అవి గుట్టగా పడి ఉన్నాయి. ఎవాన్స్ 11:30 దాటాక సెట్టు ఆపేసి పడుకున్నాడు. ఓడకు ఒక్కడే ఆపరేటర్, రాత్రంతా మేలుకోవాలన్న నిబంధనేదీ లేదు.

కాలిఫోర్నియన్ డెక్ మీద ఉన్నవాళ్లు దూరంగా తెల్లని రాకెట్లు ఎగరడం చూశారు, ఎనిమిది లెక్కపెట్టారు. కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌కు చెప్పారు. వైర్‌లెస్ ఆపరేటర్‌ను లేపమని మాత్రం తెల్లవారేదాకా ఎవరికీ తోచలేదు. ఆ ఓడ కదిలి ఉంటే చాలామందిని, బహుశా అందరినీ కాపాడగలిగేదని విచారణ అంది. 1992లో బ్రిటిష్ ప్రభుత్వం మళ్లీ పరిశీలించినప్పుడు రెండు ఓడల మధ్య దూరం 17 నుంచి 20 మైళ్ల దాకా ఉండొచ్చని, అంత దూరం నుంచి సమయానికి చేరేది కాదని తేలింది. రాకెట్లు చూసి కూడా కదలకపోవడం తప్పేనని ఆ నివేదికా అంది. 58 మైళ్ల దూరం నుంచి మంచులో ఎదురొచ్చింది కార్పాథియా. కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్ దాన్ని తీసుకొచ్చేసరికి తెల్లవారుజామున నాలుగైంది.

ఎవరు ఎవర్ని విచారించారు

బతికినవాళ్లు న్యూయార్క్‌లో దిగిన మర్నాడే, ఏప్రిల్ 19న, సెనేటర్ విలియం ఆల్డెన్ స్మిత్ అక్కడి ఒక హోటల్లో అమెరికన్ విచారణ మొదలుపెట్టాడు. సముద్రం సంగతులు తెలియని మనిషని బ్రిటిష్ పత్రికలు ఆయన్ని ఎగతాళి చేశాయి. కానీ సాక్షులు చెదిరిపోకముందే వాళ్ల మాటలు రాయించింది ఆయనే, మూడో తరగతి ప్రయాణికుల్ని పిలిచి విన్నదీ ఆయనే. లండన్‌లో లార్డ్ మెర్సీ నడిపిన విచారణలో మూడో తరగతివాళ్ల తరఫున న్యాయవాది ఉన్నాడు గానీ, వాళ్లలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. పైగా ఆ విచారణ కోరింది బోర్డ్ ఆఫ్ ట్రేడ్. పట్టిక రాసిందీ, ఓడకు సర్టిఫికెట్ ఇచ్చిందీ అదే శాఖ.

మెర్సీ తీర్పు సూక్ష్మమైనది. ప్రమాదానికి కారణం మితిమీరిన వేగమే. కానీ మంచు హెచ్చరికలున్నా వాతావరణం స్పష్టంగా ఉంటే వేగం తగ్గించకపోవడం ఆ దారిలో కెప్టెన్లందరి అలవాటు. అందరూ చేసేదే చేశాడు కాబట్టి టైటానిక్ కెప్టెన్ స్మిత్‌ది (సెనేటర్ స్మిత్ వేరు) పొరపాటే తప్ప నిర్లక్ష్యం కాదు. ఇకముందు ఇలాగే ఎవరైనా చేస్తే మాత్రం అది నిర్లక్ష్యమే. ఈ తర్కంలో ఒక న్యాయం ఉంది, దానితోపాటు కంపెనీకి ఒక రక్షణా ఉంది. ఆ రక్షణ సామాన్యుల ముందు నిలవలేదు. మూడో తరగతిలో చనిపోయిన ఒక ఐరిష్ యువకుడి తండ్రి థామస్ రయన్ లండన్‌లో దావా వేస్తే, ఆ వేగంతో పోవడం నిర్లక్ష్యమేనని 1913లో జ్యూరీ తేల్చింది. టికెట్ మీద అచ్చేసిన ‘మా సిబ్బంది నిర్లక్ష్యానికి మాది బాధ్యత కాదు’ అన్న షరతు చెల్లదని కోర్టు అంది. అప్పీలు కోర్టు 1914లో దాన్ని ఖాయం చేసింది. దావా వేసిన కుటుంబాలకు వచ్చింది తలా వంద పౌండ్ల దాకా.

అందరికీ పడవలు పెట్టాక

నిబంధనలు మారకముందే కార్మికులు కదిలారు. ఏప్రిల్ 24న సౌతాంప్టన్‌లో టైటానిక్ జంట ఓడ ఒలింపిక్ బయల్దేరబోతుంటే స్టోకర్లు దిగిపోయారు. హడావిడిగా తెచ్చి పేర్చిన మడత పడవలు పనికిరావని వాళ్ల ఫిర్యాదు. ఆ ఊరి నుంచి 500 మందికి పైగా టైటానిక్‌తో పోయి పది రోజులు కాలేదు. సమ్మెకు దిగినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తెస్తే, వాళ్లతో ప్రయాణం చేయలేమని యాభైకి పైగా నావికులు కూడా దిగిపోయారు. వాళ్ల మీద తిరుగుబాటు కేసు పెట్టారు. నేరం రుజువైందంటూనే కోర్టు శిక్ష లేకుండా వదిలేసింది. ఆ ఏడాది చివర్లో ఒలింపిక్‌ను మళ్లీ కర్మాగారానికి పంపి, లోపలి గోడలు ఎత్తు పెంచి, అందరికీ పడవలు పెట్టారు.

1914 జనవరి 20న లండన్‌లో 13 దేశాలు సముద్ర భద్రత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది కూడా మెర్సీనే. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ పడవలో చోటు, పడవల కసరత్తులు, వైర్‌లెస్ దగ్గర ఇరవై నాలుగు గంటల కాపలా, మంచుకొండల మీద నిఘాకు ఒక గస్తీ. యుద్ధం రావడంతో ఆ ఒప్పందం అనుకున్నట్టు అమల్లోకి రాలేదు, 1929లో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. మంచు గస్తీ మాత్రం, ప్రపంచ యుద్ధాల కాలంలో తప్ప, ఆగలేదు. అమెరికా కోస్ట్ గార్డ్ నడిపే ఆ గస్తీ ఇవాళ్టికీ ఉంది, ఖర్చు ఆ దారిని వాడుకునే దేశాలు పంచుకుంటాయి.

మనుషుల్ని లెక్కపెట్టడం నేర్చుకున్నారు సరే, అంతటితో పని అయిపోలేదు. 1914 మే 29న కెనడాలో సెయింట్ లారెన్స్ నదిలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రయాణికుల ఓడను పొగమంచులో ఒక బొగ్గు ఓడ గుద్దింది. ఎంప్రెస్‌లో అందరికీ సరిపడా పడవలున్నాయి. కానీ 14 నిమిషాల్లో మునిగిపోయింది. ఒక పక్కకు ఒరిగిపోవడంతో రెండో వైపు పడవలు దించడానికే వీల్లేకపోయింది. 1,012 మంది చనిపోయారు.

ఇంకో ఘటన ఇంతకన్నా బాధాకరం. అమెరికాలో 1915 మార్చిలో సెనేటర్ లాఫోలెట్ పట్టుదలతో నావికుల చట్టం వచ్చింది, పడవల నిబంధనలు బిగించారు. షికాగోలో ఈస్ట్‌లాండ్ అనే విహార నౌక ఉండేది. పైబరువు ఎక్కువై ఊగుతుందని దానికి ముందునుంచే పేరు. ఆ చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని యజమానులు దాని పై డెక్ మీద మరిన్ని పడవలు, తెప్పలు ఎక్కించారు. జులై 24న ఒక ఫ్యాక్టరీ ఉద్యోగులు కుటుంబాలతో పిక్నిక్‌కు ఎక్కారు, సుమారు 2,500 మంది. నౌక ఇంకా రేవుకు కట్టే ఉంది. అలాగే పక్కకు ఒరిగి నదిలో పడిపోయింది. ఒడ్డు నుంచి కొన్ని అడుగుల దూరంలో 844 మంది చనిపోయారు. పడవలొక్కటే కారణమనలేం, ఆ నౌక జబ్బు పాతది. పై డెక్ మీద పడవలు పెంచమన్న నిబంధన, ఆ బరువును కింది ఓడ మోయగలదా అని కూడా అడిగి ఉండాల్సింది.

ప్రాణానికి ఓడ ధర

ఇక డబ్బు సంగతి. టైటానిక్ సిబ్బంది జీతాలు ఓడ మునిగిన క్షణంతో ఆగిపోయాయి. ఓడ లేదు కాబట్టి ఉద్యోగం లేదు, అది ఆనాటి చట్టం. పడవలో ఒణుకుతూ తెల్లారేదాకా తెడ్లు వేసిన నావికుడికి ఆ గంటలకు జీతం లేదు. ఓడ మునిగి పని పోయిన నావికుడికి రెండు నెలల దాకా జీతం ఇవ్వాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1920లో, దానికి బ్రిటిష్ చట్టం 1925లో వచ్చాయి. వాయిద్యకారులు ఎనిమిది మందీ పోయారు. వాళ్లను పంపింది లివర్‌పూల్‌లోని ఒక ఏజెన్సీ, ఓడలో వాళ్లకు రెండో తరగతి టికెట్లు. అందుకని ఓడ కంపెనీ వాళ్లను తన ఉద్యోగులుగా లెక్కలోకి తీసుకోలేదు. 21 ఏళ్ల వయొలిన్ కళాకారుడు జాన్ హ్యూమ్ తండ్రికి కొడుకు పోయిన రెండు వారాలకు ఏజెన్సీ నుంచి బిల్లు వచ్చింది: యూనిఫాం తాలూకు బాకీ 14 షిల్లింగుల పైచిలుకు కట్టమని.

చనిపోయిన ప్రయాణికుల కుటుంబాలు అమెరికా కోర్టుల్లో అడిగిన పరిహారం కోటీ అరవై లక్షల డాలర్లకు పైనే. కంపెనీ 1851 నాటి అమెరికన్ చట్టాన్ని ముందుకు తెచ్చింది. ప్రమాదానికి తన ప్రమేయం, ఎరుక లేవని తేలితే, యజమాని బాధ్యత ప్రమాదం తర్వాత ఓడకు మిగిలిన విలువను, ఆ ప్రయాణపు రాబడిని మించదని ఆ చట్టం. బ్రిటన్‌లో అయితే ప్రాణనష్టానికి టన్నుకు 15 పౌండ్ల చొప్పున లెక్క, అది లక్షల పౌండ్లకు తేలుతుంది. అందుకే బ్రిటిష్ ఓడ కంపెనీ అమెరికన్ చట్టం కోరుకుంది. విదేశీ కంపెనీ అయినా ఆ చట్టాన్ని వాడుకోవచ్చని 1914 మేలో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, తీర్పు రాసింది జస్టిస్ హోమ్స్.

మరి టైటానిక్‌కు మిగిలిన విలువెంత? ఓడ సముద్రం అడుగున ఉంది. మిగిలినవల్లా కార్పాథియా న్యూయార్క్‌కు తెచ్చిన లైఫ్‌బోట్లు. వాటి ధర, టికెట్ల రాబడి కలిపితే సుమారు 92,000 డాలర్లు. ఏ పడవలు చాలక మనుషులు చనిపోయారో, ఆ పడవల ధరతోనే వాళ్ల ప్రాణాల విలువ కట్టబోయారు. ఓడకైతే పది లక్షల పౌండ్ల బీమా ఉంది. కంపెనీ ఛైర్మన్ బ్రూస్ ఇస్మే స్వయంగా ఓడలో ఉన్నాడు, మంచు హెచ్చరిక కాగితం అతని జేబులో ఉంది, ఇక ఎరుక లేదని ఎలా అంటారని కుటుంబాల తరఫు వాదన. అది తేలకముందే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అందరికీ కలిపి ఇచ్చింది దాదాపు 6,64,000 డాలర్లు.

ఆ 1851 చట్టం పోలేదు. 1934లో మారో కాసిల్ ఓడ తగలబడి 137 మంది చనిపోయాక, ప్రాణనష్టానికి టన్నుకు ఇంత అని ఒక కనీస మొత్తం చేర్చారు. 2019లో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది చనిపోయినప్పుడు దాని యజమానులు కూడా ఇదే చట్టం కింద కోర్టుకెళ్లారు. 2022లో చిన్న ప్రయాణికుల పడవల్ని దాని నుంచి తప్పించారు. పెద్ద ఓడలకు వర్తిస్తూనే ఉంది. 2024 మార్చి 26న డాలీ అనే సరుకుల ఓడ బాల్టిమోర్‌లో కీ బ్రిడ్జిని గుద్దింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న కార్మికులు ఆరుగురు చనిపోయారు. ఆరు రోజులకే, ఏప్రిల్ 1న, యజమాని కంపెనీ కోర్టుకు వెళ్లి, దెబ్బతిన్న ఓడ విలువను బట్టి తమ బాధ్యత సుమారు నాలుగు కోట్ల ముప్పై ఏడు లక్షల డాలర్లు దాటకూడదని కోరింది. ఆ ఏడాది అక్టోబరులో ఫెడరల్ ప్రభుత్వానికి మాత్రం దాదాపు పది కోట్ల ఇరవై లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. నదిలో కూలిన వంతెనను తొలగించి రేవు దారి తెరవడానికి ప్రభుత్వానికైన ఖర్చు అది. చనిపోయిన కార్మికుల కుటుంబాల దావాలు ఆ ఒప్పందంలో లేవు.